నలభై ముడుల అవతల

ఆ యంత్రానికి మోకు లేదన్న సంగతే నాకు మొదట్నుంచీ మింగుడుపడలేదు. అలెగ్జాండ్రియా మురుగు కాలువల దగ్గర ముప్పై ఏడేళ్ళు పనిచేసినవాణ్ణి. ఈ ఊళ్ళో నేల కిందికి ఎవరు దిగినా వాళ్ళ నడుముకి మోకు ఉండాలి, ఆ మోకు రెండో కొస పైన ఒక మనిషి చేతిలో ఉండాలి. ఆ పైమనిషిని నేను. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాను, కొత్త వింతలతో రాజీ పడాల్సిన అగత్యం నాకేం లేదు. అయినా ఆ రోజు పొద్దున్నే లబ్బాన్ పేటలో రొట్టెల బట్టీకి పావు కిలోమీటరు ఇవతలున్న మ్యాన్‌హోలు మూత తీయించి, అలవాటు చొప్పున నా పీట వేసుకుని దాని పక్కనే కూర్చున్నాను.

మా ఇంజనీరమ్మ షాహీనాజ్ పెట్టెలోంచి డ్రోను బయటికి తీసింది. ఫుట్‌బాల్ కంటే కాస్త పెద్దది. చుట్టూ నల్లటి బద్దలతో అల్లిన పంజరం, లోపల నాలుగు చిన్న రెక్కలు, ముందు వైపు కెమెరా, దీపాలు. గోడకి కొట్టుకున్నా రెక్కలకి దెబ్బ తగలదట.

"దీని మోకు ఏదమ్మా?" అన్నాను.

"మోకేంటి బాబాయ్! రేడియోతో నడుస్తుంది. ఇదిగో, ఈ మీటలే దానికి మోకు."

"లాగితే వస్తుందా మరి?"

"రమ్మంటే వస్తుంది."

"రమ్మంటే మా ఆవిడా వస్తుంది. ఎప్పుడన్నదే తేలదు."

ఆ అమ్మాయి నవ్వింది. మంచి పిల్ల, నా చాదస్తాన్ని ఓపిగ్గా భరిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళని నా దగ్గరికి పంపి, "రగబ్ బాబాయ్‌ని చూసి నేర్చుకోండి, ఆయన చేతిలో మోకు ఒక్కనాడూ జారలేదు" అని చెబుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నేను మీసం సవరించుకుని వేరే వైపు చూస్తాను.

బట్టీ ముందు రోడ్డు జానెడు లోతుకి కుంగింది. దాని కింద పోయేది మా తాతల నాటి ఇటుక కాలువ. ఇంకో తొమ్మిది రోజుల్లో చీపురు తుఫాను. ఏటా నవంబరు నడిమికి వచ్చి ఊరంతా ఊడ్చేసిపోతుంది కాబట్టి మా తాతలు దానికా పేరు పెట్టారు. ఈలోగా కాలువ ఎక్కడ దెబ్బతిందో తేల్చకపోతే బట్టీతో సహా సందు మొత్తం గోతిలోకి దిగేలా ఉంది. ఆ కాలువలోకి మనిషిని దింపడానికి ఇప్పుడు రూలు ఒప్పుకోదు. అందుకని ఈ పంజరం పిట్ట.

"ఎంత దూరం పోతుందిది?" అని అడిగాను.

"అమ్మినవాళ్ళు అర కిలోమీటరన్నారు. అంతా నలభై ముడులే బాబాయ్. మూడొందల మీటర్లు పోతే గొప్ప."

మా సంస్థలో కోతలు కోసేవాళ్ళ మాటని నలభై ముడులు అంటారు. గుమాస్తాలు అంటారు, డ్రైవర్లు అంటారు, నిన్నగాక మొన్న చేరినవాళ్ళూ అంటారు.

"ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా అమ్మా?"

"ఏమో, అందరూ అంటుంటే అంటాను. పాత మాటేమో."

"అది ఒక మనిషి. ఇంకా బతికే ఉన్నాడు. ఇక్కడికి రెండు సందుల అవతల, ట్రాము స్టాపు ఎదురుగా ఉన్న కాఫీ అంగడిలో రోజూ సాయంత్రం కూర్చుంటాడు. పేరు ఉస్తా బయూమీ. నాకు పని నేర్పిన గురువు, నా ఉస్తా."

షాహీనాజ్ మీటల మీది చేతులు ఆపి నా వైపు చూసింది. "నాకు తెలీదు బాబాయ్, తప్పుగా అనుకోకు," అంది. తర్వాత డ్రోనుని మెల్లగా మ్యాన్‌హోల్లోకి దింపింది. అది దిగుతుండగా నేను ఆ కథ చెప్పడం మొదలుపెట్టాను. సగమే చెప్పాను. రెండో సగం మా ఆవిడకి తప్ప ఇంకెవరికీ చెప్పి ఎరగను.

ఆ రోజుల్లో కాలువలోకి దిగేవాడు పాడుతూ నడవాలి. అది రూలు పుస్తకంలో ఉండేది కాదు, అయినా అందరం పాటించేవాళ్ళం. పాట వినపడుతున్నంతసేపూ మనిషికి ఊపిరి ఆడుతున్నట్టే. పాట తడబడితే గ్యాసు కమ్ముతోందని అర్థం, ఇంకేం అడక్కుండా లాగేయాలి. ఉస్తా బయూమీకి వచ్చింది ఒకటే బాణీ, జాలర్లు వల లాగేటప్పుడు పాడేది. మాటలు మాత్రం రోజుకొక రకంగా కట్టేవాడు, అన్నీ వాళ్ళత్తగారి మీదే. ఆవిడ ముక్కు మీద, ఆవిడ పిసినారితనం మీద, ఆవిడ పెంచే బాతు మీద. మ్యాన్‌హోల్లోంచి ఆ తిట్లు రాగం తీసుకుంటూ పైకొస్తుంటే దారిన పోయేవాళ్ళు బుట్టలు దించుకుని మరీ వినేవాళ్ళు. ఇప్పుడు అదే మ్యాన్‌హోల్లోంచి క్షవరం కొట్లో జుట్టు ఆరబెట్టే మిషను రొద వస్తోంది. నాకు ఆ గొంతు వినాలనిపించింది, ఎంతగా అనిపించిందంటే కాసేపు ఆ రొదలోనే దాన్ని వెతుక్కున్నాను.

కాలువ మలుపు తిరిగాక పాట అందదు. అక్కణ్ణుంచి మోకే మాట్లాడాలి. ఐదు మీటర్లకొక ముడి వేసి ఉంటుంది, చేతిలోంచి ఎన్ని ముడులు జారితే మనిషి అంత దూరం పోయినట్టు. కిందివాడు ఒక్కసారి లాగితే క్షేమం, మూడుసార్లు లాగితే పైకి లాగెయ్యమని. ప్రతి పిలుపుకీ పైవాడు రెండుసార్లు లాగి జవాబివ్వాలి. ఇది ఊళ్ళో అందరు కాలువ మనుషులకీ తెలిసిన భాష. మా ఇద్దరికే తెలిసిన సంకేతం ఇంకొకటుండేది. నాలుగుసార్లు లాగితే, నేను మోకు విప్పుతున్నాను, నువ్వు అక్కణ్ణుంచి కదలకు అని. మోకు విప్పడం నేరం. విప్పినవాడికి శిక్ష, విప్పనిచ్చిన పైవాడికి ఉద్యోగం ఊస్టు. అందుకని ఆ సంకేతం పెట్టుకున్నామే గానీ వాడలేదు.

మరో ఆచారం ఉండేది. కాలువ పొడుగునా అక్కడక్కడా పక్క సందుల నీళ్ళొచ్చి కలిసే గదులుంటాయి. ఒక గదికి మొదటిసారి చేరినవాడు తన ఇంట్లో పగిలిన పింగాణీ ముక్కని ఇటుకల సందులో కాస్త సిమెంటు పెట్టి అతికించి రావాలి. దాన్ని ఇంటి ముక్క అనేవాళ్ళం. ఇల్లు పిలుస్తుంటే మనిషి కింద ఉండిపోడని నమ్మకం. మా పేటలో ఆడవాళ్ళు కప్పు పగిలితే విచారించేవాళ్ళు కారు, ముక్కలు ఏరి డబ్బాలో దాచేవాళ్ళు.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం, నవంబరు. నాకు సుహేర్‌తో పెళ్ళి కుదిరింది, ముహూర్తం ఇంకో మూడు వారాలుంది. శుక్రవారం ఉస్తా ఇంట్లో చేపల భోజనం పెట్టారు. నేను ఆ రోజుల్లో నేల మీద నడిచే రకం కాదు. ఆ సంబరంలో ఉస్తా భార్య నఫీసా వదిన పెళ్ళినాటి పళ్ళెం చేతిలోంచి జారవిడిచాను. తెల్లటి పింగాణీ మీద నీలం నెమలి, అదంటే ఆవిడకి ప్రాణం.

"మీ అత్తగారింట్లో కూడా ఇలాగే చెయ్యి, చాలా ముచ్చటపడతారు," అంది వదిన, ముక్కలు ఏరుకుంటూ. "దీన్ని నేను డబ్బాలో పడెయ్యను. జిగురు పెట్టి అతికిస్తాను."

ఆవిడ లోపలికెళ్ళగానే ఉస్తా ఒక ముక్క తీసి జేబులో వేసుకున్నాడు. నెమలి తలా మెడా ఉన్న ముక్క. "ఎనిమిదో గదికిరా," అన్నాడు నా వైపు కన్ను గీటి. అప్పటికి ఎనిమిదో గదికి చేరినవాడు మాలో ఎవడూ లేడు.

మంగళవారం ఇదే మ్యాన్‌హోలు దగ్గర దిగాడు. మూడు రోజుల్లో చీపురు వస్తుందనగా కాలువ ఎలా ఉందో చూసి రమ్మని పంపారు. స్టోర్లో ఇచ్చిన మోకుకి నలభై ముడులే ఉన్నాయి. అంటే ఏడో గది వరకే. మోకు అయిపోయిన చోట నడక కూడా ఆపాలి, అది మాత్రం రూలు పుస్తకంలో ఉంది.

షాహీనాజ్‌కి నేను చెప్పినది ఇదీ: మోకు నలభై ముడులు పోయి ఆగింది, కాసేపటికి ఉస్తా పైకొచ్చి, ఏడో గది దాటాక ఎనిమిదో గది లోపే కప్పు కిందికి దిగిపోయిందనీ, ఇటుకలు వేలాడుతున్నాయనీ, వెంటనే దన్ను పెట్టకపోతే ఎప్పటికైనా రోడ్డు కుంగుతుందనీ చెప్పాడు. మోకు ఏడో గదికే అయిపోతే అవతలది నువ్వెలా చూశావని పెద్ద ఇంజనీరు నిలదీశాడు. చూశానన్నాడే గానీ ఎలాగో చెప్పలేదు. విచారణ పెట్టారు. ఆ ఏడు చీపురొచ్చి పోయింది, ఏమీ కూలలేదు. మేస్త్రీ ఉద్యోగం ఖాళీగా ఉంది, దాని కోసం గొప్పలు పోయాడని తేల్చారు. ఆయన్ని కాలువలోంచి తీసేసి పంపింగ్ స్టేషన్లో జల్లెడ దగ్గర గుడ్డపేలికలు లాగే పనికి వేశారు. పదహారేళ్ళు అవి లాగి అక్కడే రిటైరయ్యాడు. ఆ పాత కాలువని పక్కన పెట్టి కొత్త పైపు వేశారు, ఏడో గది దాటి మళ్ళీ ఎవర్నీ పంపలేదు. ఆయనకి నలభై ముడుల బయూమీ అని పేరు పడింది, మనిషిని మరిచిపోయాక కూడా పేరు మిగిలింది.

"మరి విచారణలో మోకు సంగతి ఎవరు చెప్పారు బాబాయ్?" అంది షాహీనాజ్, డ్రోను పంపే బొమ్మ కనపడే తెర మీంచి చూపు తిప్పకుండా.

"నేనే చెప్పాను."

"ఉన్నదే చెప్పావు కదా. నీ తప్పేముంది?"

చెప్పని సగం అక్కడే ఉంది మరి. నలభయ్యో ముడి దగ్గర మోకు ఆగింది, ఒక పిలుపు వచ్చింది, జవాబిచ్చాను. ఏడో గది చూసుకుని ఆయన తిరగడానికి ఎంత లేదన్నా పావుగంట పడుతుంది. సరిగ్గా అప్పుడే సందు మలుపులో మూడో అంతస్తు బాల్కనీలోంచి సుహేర్ బుట్ట దించుతూ కనపడింది. కూరగాయల కోసం దించే బుట్ట, అందులో ఆ రోజు నా కోసం అన్నం కూరిన ద్రాక్షాకులున్నాయి. మోకుని మూత పక్కనున్న ఇనుప కొక్కేనికి రెండు చుట్లు చుట్టి కట్టాను. వెళ్ళాను. తల పైకెత్తి ఆమెని చూస్తూ నిలబడి తిన్నాను. పది నిమిషాలని నా లెక్క. ప్రేమలో ఉన్నవాడి లెక్క కాబట్టి ఇరవై అనుకోవచ్చు. వచ్చి చూస్తే మోకు బిగువుగానే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి మూడు లాగులొచ్చాయి, పైకి లాగాను.

విచారణలో నన్ను అడిగినవి మూడే ప్రశ్నలు. ఎన్ని ముడులు పోయాయి? నలభై అండి. మధ్యలో వదులైందా? లేదండి, బిగువుగానే ఉంది. అంతసేపూ నీ చేతిలోనే ఉందా? నా చేతిలోనే ఉందండి. ఆ మూడో జవాబు చెబుతున్నప్పుడు ఉస్తా నా వైపే చూస్తున్నాడు. ఆయన కళ్ళలో కోపం లేదు, అందుకే నాకు ధైర్యం వచ్చింది. అప్పట్నుంచీ ఆయన నిజంగానే గొప్పలు పోయాడని నన్ను నేను నమ్మించుకున్నాను. అలా నమ్మితే నిద్ర పడుతుంది.

"ఏడో గది," అంది షాహీనాజ్.

నేను పీట లేపి ఆమె పక్కకి జరిగాను. తెర మీద ఇటుకలు తడిగా మెరుస్తున్నాయి. ఏడో గది గోడకి దిగే ఇనుప మెట్లు తుప్పుపట్టి ఇంకా ఉన్నాయి. మా మోకు అయిపోయిన చోటు అదే. డ్రోను ఆగకుండా అవతలికి పోయింది. పోతుంటే నా కుడి చెయ్యి దానంతటదే మూసుకుని తెరుచుకుంటోంది, ముడులు లెక్కపెడుతోంది. నలభై ఐదు. నలభై ఎనిమిది.

"బాబాయ్, చూడు! కప్పు చూడు!"

కప్పు కడుపులా కిందికి దిగి ఉంది. ఇటుకలు రెండు వరసలు ఊడి వేలాడుతున్నాయి, వాటి పైన చీకటి గుహ. ముప్పై ఐదేళ్ళ కిందట ఆయన చేతులు తిప్పి చూపించిన ఆకారమే అది. షాహీనాజ్ గబగబా దూరం రాసుకుంది. "సరిగ్గా బట్టీ ముందు గుంట కిందే. దొరికింది బాబాయ్! ఇవాళే రోడ్డు మూయించి దన్ను పెట్టిస్తాను," అంటూ డ్రోనుని ఆ వేలాడే ఇటుకల కింది నుంచి నేర్పుగా దాటించింది. "వచ్చిన దారినే పోకుండా ఎనిమిదో గది కూడా చూసేద్దాం. ఇంతవరకూ ఎవరూ చూడలేదుగా."

గదిలోకి వెళ్ళి అది మెల్లగా ఒక చుట్టు తిరిగింది. మనిషి భుజమంత ఎత్తులో గోడ మీద ఏదో తళుక్కుమంది.

"అదేంటి? దగ్గరికి పోనీ," అన్నాను.

దీపం దాని మీద పడింది. మసి పట్టిన ఇటుకల సందులో అరచేతిలో సగమంత తెల్లటి పింగాణీ. దాని మీద నీలం నెమలి తల, మెడ. దీని మిగతా ముక్కల్ని నేను నా కళ్ళతో చూశాను. ఆ పళ్ళెం పగలగొట్టింది నేనే.

షాహీనాజ్ ఆశ్చర్యపోతూ ఏదో అడుగుతోంది. ఆయన అక్కడికి వెళ్ళాడు. వెళ్ళాడంటే మోకు విప్పాడు. దాన్ని ఏడో గది మెట్టుకి కట్టి వెళ్ళాడు కాబట్టే నాకది బిగువుగా తగిలింది. పైన కొక్కేనికి కట్టి నేను పోయాను, కింద మెట్టుకి కట్టి ఆయన పోయాడు, మధ్యలో నలభై ముడులు ఎవరి చేతిలోనూ లేకుండా ఉండిపోయాయి. ఉస్తా బయూమీ లాంటివాడు సంకేతం ఇవ్వకుండా మోకు విప్పడు. ఇచ్చే ఉంటాడు, జవాబు వచ్చి ఉండదు. అంటే నేను అక్కడ లేనని ఆయనకి ఆ రోజే తెలుసు. విచారణలో నా మూడో జవాబు వింటున్నప్పుడు కూడా తెలుసు.

ఫోను తీసి ఇంటికి చేశాను.

"సుహేర్, ఆ రోజు బుట్టలో ఏం పెట్టావు?"

"ఏ రోజు? ఎండ దెబ్బ తగిలిందా?"

"పెళ్ళికి ముందు. ఉస్తా కింద ఉన్న రోజు."

"ద్రాక్షాకులు," అంది. "ఎందుకు అడుగుతున్నావు?"

"ఆయన ఎనిమిదో గదికి వెళ్ళాడు. కళ్ళారా చూశాను. ఇవాళ అందరి ముందూ చెప్పేస్తాను."

"పెళ్ళైన వారానికే చెప్పమన్నాను. నీకు ఇప్పటికి తీరింది," అని, ఇంకో మాట లేకుండా పెట్టేసింది. పెట్టేసే ముందు ముక్కు చీదిన చప్పుడు వినపడింది.

రోడ్డు మూయించే హడావిడి అయ్యేసరికి సాయంత్రం నమాజు దాటింది. అప్పుడు షాహీనాజ్‌కి రెండో సగం చెప్పాను. ఆ అమ్మాయి నా మొహంలోకి చాలాసేపు చూసింది. కొత్తవాళ్ళని నా దగ్గరికి పంపినప్పుడల్లా చెప్పే మాట ఆమెకి గుర్తొచ్చే ఉంటుంది. తన తెర సంచిలో పెట్టుకుని, "పద బాబాయ్," అంది.

కాఫీ అంగడి బయట ఉస్తా బయూమీ ఎప్పటి కుర్చీలోనే ఉన్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళు, ముందు చేతికర్ర, గాజు గ్లాసులో పుదీనా టీ. ఆయన పక్కనే నలుగురు పాచికలాడుతున్నారు. అందులో ఫత్తూహ్ అని చేపలమ్మేవాడు ఉన్నాడు. రోజుకొకసారైనా ఆయన్ని కెలక్కపోతే వాడికి తిన్నది అరగదు.

"రా రగబ్, సమయానికొచ్చావు," అన్నాడు ఫత్తూహ్. "మీ ఉస్తా చిన్నప్పుడు రేవులో మంచమంత చేప చూశాట్ట. ఏం ఉస్తా, ఎన్ని ముడులుంటుంది?"

అందరూ నవ్వారు. ఉస్తా ఎప్పటిలాగే ట్రాము వైపు చూస్తూ టీ గుక్క తాగాడు. ముప్పై ఐదేళ్ళుగా ఆ ప్రశ్నకి ఆయన జవాబిచ్చింది లేదు.

"ఫత్తూహ్, నోరు మూసుకుని కూర్చో," అన్నాను. "అందరూ కాస్త వినండి. ఆ పాచికలు ఆపండి."

ఈ అంగడిలో నాకు మర్యాద ఉంది, నేనొస్తే కుర్చీ ఖాళీ చేస్తారు. అది మోకు ఇచ్చిన మర్యాద.

"ఆ రోజు మోకు నా చేతిలో లేదు," అన్నాను. "కొక్కేనికి కట్టి, సుహేర్ బుట్ట దించితే తినడానికి పోయాను. విచారణలో నా చేతిలోనే ఉందని అబద్ధం చెప్పాను. ఉస్తా మోకు విప్పి ఎనిమిదో గదికి వెళ్ళాడు. కప్పు చూశాడు. ఇవాళ మేమూ చూశాం. ఆయన చెప్పిన చోటే, చెప్పినట్టే ఉంది. ఇన్నేళ్ళూ అబద్ధాలకోరు ఈ అంగడిలోనే ఉన్నాడు, మీరు తప్పుడు మనిషిని వెక్కిరించారు."

షాహీనాజ్ ఉస్తా ముందు మోకాళ్ళ మీద కూర్చుని తెర ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడిచి పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గోరుతో ఆ నెమలి మెడని తాకబోతే బొమ్మ పెద్దదైపోయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నఫీసా దీని కోసం నెల రోజులు వెతికిందమ్మా," అన్నాడు. "మంచం కింద, బియ్యం డబ్బాలో, ఆఖరికి వాళ్ళమ్మ బాతు గూట్లో కూడా. ఈ ఒక్క ముక్క దొరికితే అతికించుకుంటానని."

"వదినకైనా చెప్పాల్సింది ఉస్తా," అన్నాను.

"చెబితే ఊరుకునే మనిషా అది? ఆఫీసు ముందు కూర్చుని అరిచేది. మోకు విప్పానని తేలేది. నీ ఉద్యోగం పోయేది." ఆయన కళ్ళజోడు తీసేశాడు. "పోయేముందు ఆసుపత్రిలో ఒకసారి అడిగింది. నిజంగా చూశావా అని. చూశానన్నాను. సరే అంది. నమ్మిందో లేదో నాకు తెలీదు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"నాలుగుసార్లు లాగానురా," అన్నాడు. "ఆగి మళ్ళీ నాలుగు. నువ్వు పలకలేదు. చీపురొచ్చేస్తోంది కదా అని వెళ్ళాను. పైకొచ్చి చూస్తే నీ మూతికి నూనె ఉంది, చుబుకం మీద ఒక మెతుకు."

"ఆ రోజే అందరి ముందూ చెప్పెయ్యాల్సింది ఉస్తా. నన్ను ఎందుకు వదిలేశారు?"

"మూడు వారాల్లో పెళ్ళి పెట్టుకున్నావు. నేను చెబితే ఆ పిల్లని ఎవరిస్తారు నీకు?" ఆయన కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వే చెబుతావనుకున్నాను. పెళ్ళయ్యాక చెబుతావనుకున్నాను. పిల్లాడు పుట్టాక చెబుతావనుకున్నాను. నేను రిటైరైన రోజు కూడా నువ్వొస్తావేమోనని స్టేషను గేటు వైపు చూశాను. ఆ తర్వాత అనుకోవడం మానేశాను."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కర్రతో ఒకటి వేసినా బాగుండేది. ఆయన మాత్రం తన గ్లాసులో మిగిలిన టీ చూసుకుంటూ కూర్చున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పేలికలు లాగి లాగి వంకరపోయిన వేళ్ళు అవి. వెనక్కి తీసుకోలేదు.

షాహీనాజ్ ఉన్నట్టుండి గొంతు సవరించుకుంది. "ఉస్తా, నా రిపోర్టులో ఒక గడి ఉంది. ఈ గదికి ఇంతకు ముందు చేరినవారు ఎవరు అని. పొద్దున ఎవరూ లేరని ఉంది. ఇప్పుడు మార్చాను." చదివి వినిపించింది. ఎనభై ఎనిమిది, నవంబరు, ఉస్తా బయూమీ, కాలినడకన, రెండొందల అరవై మీటర్లు. ఉస్తా ఆ ఆఖరి మాట మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివింది.

అప్పటికి ఫత్తూహ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చేపల వాసన కొట్టే చేతులు పొడుగు అంగీకి తుడుచుకుంటున్నాడు. మొహం ఎర్రబడింది. రోజూ అడిగే మాటే వాడి నోటికి వచ్చింది, ఇంకో మాట వాడికి తెలియదు కాబోలు. కానీ ఈసారి గొంతు తగ్గించి, పెద్దవాళ్ళని అడిగినట్టు అడిగాడు.

"ఎన్ని ముడులు ఉస్తా?"

ఎవరూ నవ్వలేదు. ఉస్తా బయూమీ చేతికర్ర ఎత్తి నా వైపు చూపించాడు.

"నన్నెందుకు అడుగుతావు? మోకు మనిషి వీడు. వీణ్ణి అడుగు."

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి నిలబడ్డాను, ఆ రోజు విచారణ గదిలో నిలబడ్డట్టే.

"యాభై రెండు," అన్నాను.